కంకి రక్తం

రాయదుర్గంలో ఇవాళ సత్తెమ్మ తుడిచే టవరుకు పునాది తవ్విన రోజుల్లో, ఆమె అక్కడే తట్టలతో కంకర మోసింది. జోగిపేట దగ్గరి పల్లె నుంచి భర్త రాములుతో వచ్చి రేకుల షెడ్డులో ఉండేది. టవరు లేచాక తోటి కూలీలు ఇంకో పునాది వెతుక్కుంటూ పోయారు. సత్తెమ్మ మాత్రం హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు దగ్గర చేరి, అదే టవరులోకి నీలం చీర కట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. రాములుకు మదీనాగూడలో ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని దొరికింది. సెల్లారులో లిఫ్టు వెనక ఉన్న గదే వాళ్ళ ఇల్లు. ఒక్కతే కూతురు, పెళ్ళై జహీరాబాదులో ఉంటుంది.

షెడ్డులో ఉన్నప్పుడు వాళ్ళకొక ఆడకుక్క ఉండేది. దాని పేరు మల్లి. మదీనాగూడకు వస్తూ దాన్నీ వెంట తెచ్చుకున్నారు. మల్లి చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు ఎప్పుడూ ఉండేవి. ఖాళీగా ఉన్నప్పుడు సత్తెమ్మ వాటిని పీకి కిరసనాయిల్లో వేసేది. కుక్కన్నాక పిడుదులుండవా అనుకునేది. ఒక ఎండాకాలం మల్లి తిండి మానేసింది. ఆ తర్వాత ముక్కులోంచి రక్తం కారింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోతే, పరీక్షకు రక్తం తీయాలని కాలికి సూది గుచ్చారు. ఆ సూది కాల్లో ఉండగానే మల్లి ప్రాణం పోయింది. పిడుదు కాటుతో వచ్చే జ్వరమని, అప్పటికే చాలా ముదిరిందని అక్కడి డాక్టరు చెప్పాడు. సత్తెమ్మ మనసులో మాత్రం ఆ సూదే నిలిచిపోయింది.

ఇక కుక్క వద్దనుకున్నారు. కానీ తర్వాతి వానాకాలంలో, హైవే పక్కన మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే బండి కింద ఒక కుక్కపిల్ల తడుస్తూ కనిపించింది. కాల్చని కంకి రంగు దానిది. రాములే దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. పేరు పెట్టడానికి పెద్దగా ఆలోచించలేదు.

కంకి పెద్దవాడయ్యేసరికి అపార్ట్‌మెంటులో మాటలు పుట్టాయి. అసోసియేషన్ ప్రెసిడెంటు సుబ్రహ్మణ్యం గారు రాజమండ్రి వైపు మనిషి, ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. ఆయన సత్తెమ్మను పిలిచి, "చూడమ్మా, కుక్కని ఉంచుకోవద్దని నేననను. కానీ పిల్లలు తిరిగే చోటు. టీకాలు వేయించాలి, పిడుదులు ఉండకూడదు, నెలనెలా డాక్టరుకి చూపించాలి. ఆ పూచీ నీది. ఏదైనా జబ్బుందని తెలిస్తే మాత్రం నేను మాట్లాడి ఆపలేను" అన్నారు.

ఆయన చెప్పకపోయినా సత్తెమ్మ చూపించేదే. మల్లి పోయిన తీరు ఆమెకు చాలు. అయితే ఆ మాటతో భయానికి ఇంకో భయం తోడైంది. నెలకో ఆదివారం కంకిని ఆటో ఎక్కించి చందానగర్‌లోని జంతువుల క్లినిక్కుకు తీసుకెళ్ళేది. అక్కడి డాక్టరు జ్యోత్స్న వరంగల్ అమ్మాయి. ఆమె కంకి చెవులు తిప్పి చూసేది, పెదవి ఎత్తి చిగుళ్ళు చూసేది, వెంట్రుకల్లోకి వేళ్ళు పోనిచ్చి మెడ నుంచి తోక దాకా తడిమేది. మెడ మీద పిడుదుల మందు చుక్కలు వేసేది. నులిపురుగుల గోళీ వేళ వస్తే అదీ, రేబిస్ సూది వేళ వస్తే అదీ. కంకి అన్నిటికీ నిలబడేవాడు.

ఒక్క విషయంలో మాత్రం సత్తెమ్మ ఒప్పుకునేది కాదు. "ఏడాదికోసారి రక్తం కూడా చూసుకుంటే మంచిదమ్మా, పైకి కనపడనివి ఉంటాయి" అని జ్యోత్స్న అంటే, "మంచిగ తింటుండు, మంచిగ ఉరుకుతుండు. రక్తమెందుకు మేడం, వచ్చే ఏడాది చూద్దాం తియ్యి" అనేది. వచ్చే ఏడాదీ అదే మాట. డాక్టరు పట్టుబట్టలేదు.

కిందటి వేసవిలో ఒక ఆదివారం సత్తెమ్మ క్లినిక్కులోకి అడుగుపెట్టేసరికి, బెంచీ పక్కన నేల మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె ఒడిలో తల పెట్టుకుని బంగారు రంగు వెంట్రుకల పెద్ద కుక్క పడుకుని ఉంది. కంకి దగ్గరికెళ్ళి వాసన చూసినా అది కళ్ళు తెరవలేదు. ఆ అమ్మాయి పేరు సంయుక్త. భీమవరం నుంచి వచ్చి రాయదుర్గంలో ఒక కంపెనీలో చేస్తోంది, నల్లగండ్లలో కొత్త ఫ్లాటులోకి మారింది. కుక్క పేరు టాఫీ.

"ఏమైంది బిడ్డా దానికి?" అని అడిగింది సత్తెమ్మ.

"టిక్ ఫీవర్ అంటున్నారండి. రక్తం బాగా తగ్గిపోయింది." సంయుక్త కుక్క తల మీంచి చెయ్యి తీయకుండానే చెప్పింది. "ఇల్లు మారే హడావిడిలో రెండు నెలలు మందు వేయలేదు. ఎనిమిదో అంతస్తు కదా, పిడుదులెక్కడి నుంచి వస్తాయి అనుకున్నాను. కింద లాన్‌లో తిప్పేదాన్ని. బాగానే ఉండేదండి. ఆటలాడేది."

మల్లి సంగతి సత్తెమ్మ నోటి దాకా వచ్చింది. చెప్తే ఈ పిల్ల ఇంకా బెంబేలెత్తుతుందని మింగేసింది.

లోపలికి పిలిచాక జ్యోత్స్న కంకిని ఎప్పటిలా తడిమి చూసింది. తర్వాత బల్ల పక్కనే ఆగింది. "అమ్మా, ఒక మాట అడుగుతా. కాదంటే కాదనండి, నేనేమీ అనుకోను. బయట ఉన్న కుక్కకు ఇవాళ రక్తం ఎక్కించకపోతే కష్టం. ఇంకో కుక్క రక్తమే కావాలి. బరువుండాలి, వయసులో ఉండాలి, పిడుదుల మందూ టీకాలూ సరిగా పడి ఉండాలి. కంకి అన్నిటికీ సరిపోతాడు. వాడికి ప్రమాదం ఉండదు, ఒకరోజు నీరసంగా ఉంటాడంతే."

సత్తెమ్మ చెయ్యి దానంతటదే కంకి మెడ మీదికి పోయింది. "మా ఆయనను అడగాలె మేడం" అని బయటకొచ్చి రాములుకు ఫోను చేసింది.

"ఏందే, కంకికేమన్న అయిందా?"

"కంకికేం గాలే. ఈడ ఒక కుక్క సావు బతుకుల్ల ఉంది. కంకి రక్తం ఇస్తరా అని అడుగుతున్నరు."

అటు రాములు గేటు జరిపిన చప్పుడు వినిపించింది. "మనిషైతే ఇస్తనో ఇయ్యనో నోటితోని చెప్తడు. వాడేం చెప్తడే?"

"నాకు గదే సమజైతలేదు. ఆ పిల్ల మొఖమేమో చూడలేకపోతున్న."

"మరి ఇగ నన్నెందుకడుగుడు? జర మెల్లగ తియ్యుమను."

లోపలికి వెళ్ళి సరేనంది. ఆ మాట విని సంయుక్త లేచి వచ్చి సత్తెమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి.

ఇచ్చే కుక్క రక్తాన్ని ముందు పరీక్షించాలని డాక్టరు చెప్పింది. ముందు కాలి మీద కొంచెం వెంట్రుకలు గీసి సూది పెడుతుంటే సత్తెమ్మ గోడ వైపు తిరిగింది. గోడ మీద పిల్లుల బొమ్మలున్న క్యాలెండరు ఉంది. ఆ పిల్లుల్ని చూస్తూనే కంకి ఊపిరి చప్పుడు విన్నది. వాడు కుయ్యిమనలేదు. అయిపోయిందన్నాకే ఇటు తిరిగింది.

రక్తపు చుక్క వేసిన తెల్లని ప్లాస్టిక్ బిళ్ళ బల్ల మీద ఉంది. కరోనా రోజుల్లో ఆఫీసులో సత్తెమ్మకూ అలాంటి బిళ్ళతోనే పరీక్ష చేశారు. ఒక గీత వస్తే పనిలోకి, రెండు గీతలొస్తే ఇంటికి. ఆమె ఊరికే చూస్తూ నిలబడింది. మొదటి గీత వచ్చింది. దాని పక్కన, మొదట ఉందో లేదో తెలియనంత పలచగా, తర్వాత స్పష్టంగా రెండోది వచ్చింది.

జ్యోత్స్న ఆ బిళ్ళను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. మిగిలిన రక్తాన్ని మిషనులో పెట్టి వచ్చి, మెల్లగా చెప్పింది. "కంకి రక్తం పనికిరాదమ్మా."

నిజం చెప్పాలంటే, ఆ మాటకు సత్తెమ్మకు ముందు కలిగింది ఊరట. ఇంకో సూది లేదు, ఇంక ఇంటికి పోవచ్చు. ఆ తర్వాతే ఆ మాటలోని మిగతా సగం చెవికెక్కింది.

"పనికిరాదంటే ఏంది మేడం? మా వానికేమైంది?"

"అదే జ్వరం వీడి ఒంట్లోనూ ఉంది. పైకి తెలియకుండా ఉంది. ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చేంత కాదు, కానీ తక్కువే."

"నెలనెల మందు ఏస్తున్నం గద మేడం. ఒక్క నెల తప్పలే."

"మీరు తప్పలేదమ్మా. మీ దగ్గరికి రాకముందే, పిల్లగా ఉన్నప్పుడే పిడుదు కరిచి ఉండొచ్చు. కొన్ని కుక్కల్లో ఏళ్ళ తరబడి లోపల ఊరుకుని ఉంటుంది. ఆ తర్వాత ఒకనాడు లేస్తుంది. మందు ఉంది, మొదలుపెడదాం."

ఏడాదికోసారి రక్తం చూద్దామన్న మాట జ్యోత్స్న ఎత్తలేదు. ఆమె ఎత్తకపోవడమే సత్తెమ్మకు గుచ్చుకుంది.

తలుపు దగ్గర నిలబడి సంయుక్త అంతా విన్నది. "నెలనెలా తీసుకొస్తారన్నారు కదా డాక్టర్" అంది. ఆ గొంతులో కోపం లేదు, కానీ నింద ఉన్నట్టే సత్తెమ్మకు వినిపించింది. చేతులు పట్టుకున్న పిల్ల ఇప్పుడు తన వైపు చూడనుకూడా లేదు. అప్పటికే ఫోనులో ఇంకెవరినో వెతుకుతోంది.

ఆ సాయంత్రానికి మియాపూర్‌లో ఒకరి లాబ్రడార్ దొరికిందని, టాఫీకి రక్తం ఎక్కించారని తర్వాత తెలిసింది. టాఫీ లేచి కొంచెం నీళ్ళు తాగిందట. రెండు రోజులు గడిచాక చనిపోయింది. గోళీలు తెచ్చుకోవడానికి క్లినిక్కుకు వెళ్ళినప్పుడు ఆ మాట విని సత్తెమ్మ బయట మెట్ల మీద కూర్చుండిపోయింది. కంకి రక్తమే పనికొచ్చి ఉంటే ఇంకొంచెం ముందుగా ఎక్కించేవాళ్ళు. అప్పుడు బతికేదేమో. ఎవరు చెప్పగలరు?

ఇంట్లో ఇంకో తకరారు మొదలైంది.

"ఈ ముచ్చట ఎవ్వరికీ చెప్పకు" అన్నాడు రాములు. "సారు ముందే అన్నడు గద. చెప్పినవనుకో, రేపే గేటు బయట పెడ్తరు. మందు ఏస్తున్నం, మంచిగైతడు. ఎవలకేం తెలుస్తది?"

సత్తెమ్మ తలూపింది. రెండు మూడు రోజులు ఆ మాటే పట్టుకుని పనికి పోయింది. కానీ డాక్టరు చెప్పిన ఇంకో సంగతి ఆమెను వదల్లేదు. కుక్క నుంచి కుక్కకు తాకితే ఈ జ్వరం అంటదు. అయితే కంకిని కరిచిన పిడుదు ఇంకో కుక్కను కరిస్తే అంటుతుంది. రెండో అంతస్తులో ఒక ఇంటివాళ్ళు కొత్తగా కుక్కపిల్లను తెచ్చారు. పొద్దున్నే దాన్ని కిందికి దింపితే, అది నేరుగా కంకి దగ్గరికొచ్చి వాడి తోక పట్టుకుని వేలాడేది. కంకి ఒంటి మీద పిడుదు ఒక్కటీ లేదు. ఆ సంగతి సత్తెమ్మకు తెలుసు. రెండు గీతలు పడే దాకా వాడికి జ్వరం లేదని కూడా తెలుసుననే అనుకుంది.

ఒకరోజు పొద్దున ఆ కుక్కపిల్ల కంకి తోక పట్టుకుని ఉండగా ఆమె చీపురు పక్కన పెట్టి, సుబ్రహ్మణ్యం గారి ఇంటికి వెళ్ళింది. ఆయన బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు.

"సారూ, మా కంకికి జరం ఉందట. పిడుదుల జరం. రక్తంల తేలింది. మందు ఏస్తున్నం."

ఆయన చెంబు దించారు. "ఎప్పుడు తెలిసింది?"

"మొన్న ఆదివారం."

"అంటే నాలుగైదు రోజులైందన్నమాట."

"అయింది సారూ. చెప్పొద్దనే అనుకున్నం. పై ఇంటోళ్ళ కుక్కపిల్లను చూసి ఉండలేకపోయిన."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత డాక్టరు నంబరు అడిగి, ఆమె ముందే ఫోను చేశారు. పిల్లలకు అంటుతుందా, ఎన్నాళ్ళు మందు వాడాలి, ఎక్కడ ఉంచితే మంచిది, అన్నీ అడిగారు. ఫోను పెట్టేసి, "డాక్టరుగారు భయం లేదంటున్నారు. కానీ ఆవిడ చెప్పినట్టు నేను చెప్తే అందరూ వింటారనేం లేదమ్మా. చూద్దాం" అన్నారు.

అందరూ వినలేదు. ఆ ఆదివారం పార్కింగ్‌లో మీటింగు జరిగింది. సత్తెమ్మ గదిలోనే ఉండి విన్నది. మున్సిపాలిటీ వాళ్ళకు అప్పగించమని ఒకరు, ఊరికి పంపేయమని ఇంకొకరు అన్నారు. వాచ్‌మన్‌నే మార్చేద్దామన్న గొంతు కూడా వినిపించింది. రాములు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నేను చెప్పిననా లేదా" అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండుననిపించింది సత్తెమ్మకు.

చివరికి సుబ్రహ్మణ్యం గారు ఒక ఏర్పాటు చేశారు. మందు పూర్తయి, మళ్ళీ రక్తం చూసేదాకా కంకిని వెనకవైపు జనరేటరు పక్కన కట్టేయాలి. ముందువైపుకు రానివ్వకూడదు. అపార్ట్‌మెంటు చుట్టూ పిడుదుల మందు కొట్టించాలి. దీనికి ఒప్పుకోనివాళ్ళు ఒప్పుకోనట్టే పైకి వెళ్ళిపోయారు.

పుట్టి బుద్ధెరిగాక కంకి మెడకు గొలుసు ఎరగడు. మొదటి పూట గొలుసును కొరికి కొరికి పళ్ళ చిగుళ్ళు గీసుకున్నాడు. కరెంటు పోయి జనరేటరు మోగినప్పుడల్లా గోడకు అతుక్కుని వణికేవాడు. సత్తెమ్మ పని నుంచి రాగానే అక్కడ గోనెసంచి పరుచుకుని కూర్చునేది. గోళీ పెట్టే ముందు అన్నం తినిపించాలి, లేకపోతే కక్కుకునేవాడు. పెరుగుతో పెట్టవద్దని డాక్టరు చెప్పింది కాబట్టి, గుడ్డు కలిపిన అన్నం ముద్దలో దాచి పెట్టేది. గోళీని పక్కకు ఊసి అన్నం మాత్రం మింగేవాడు. మళ్ళీ నోరు తెరిచి నాలుక వెనక పెట్టేది. రోజూ ఇదే కుస్తీ.

ఇలా సాగుతుండగా ఒక సెలవు రోజున సంయుక్త వచ్చింది. డాక్టరును అడిగి, సత్తెమ్మ ఒప్పుకున్నాకే ఫోను నంబరు తీసుకుందట. మనిషి చిక్కిపోయింది. చేతిలో మందుల కవరు ఉంది.

"టాఫీకి తెచ్చినవండి. ఇంచుమించు అన్నీ మిగిలిపోయాయి. ఇద్దరి బరువూ ఒకటే, కంకికి ఇవే సరిపోతాయని డాక్టర్ గారు చెప్పారు. మీకు అభ్యంతరం లేకపోతేనే."

చనిపోయిన కుక్క కోసం కొన్న మందు. తీసుకోవాలంటే సత్తెమ్మకు మనసొప్పలేదు. వద్దంటే ఆ పిల్ల వాటిని ఎక్కడ పారేస్తుంది, పారేస్తూ ఏమనుకుంటుంది? కవరు అందుకుని కొంగులో పెట్టుకుంది.

"ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సిందండి" అంది సంయుక్త.

"నువ్వేమన్నవ్ బిడ్డా. నెలనెల పోతనే ఉంటినాయె. రక్తం చూపియ్యుమంటె మాత్రం మంచిగనే ఉన్నడని ఊకున్న. నువ్వు గట్లనే అనుకున్నవ్, నేను గట్లనే అనుకున్న. నాది బతికింది."

సంయుక్త గోనెసంచి మీద ఒక పక్కన కూర్చుంది. "ముట్టుకోవచ్చా?" అని అడిగి, కంకి చెవి వెనక వేళ్ళు పెట్టింది. కంకి గొలుసు లాగడం ఆపి తల ఆమె మోకాలి మీద పెట్టాడు. ఆ బరువు పడగానే ఆమె భుజాలు కదిలాయి. సత్తెమ్మ అటు చూడకుండా గిన్నె కడిగే నెపంతో కుళాయి దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి పిల్ల మొహం తుడుచుకుని లేచి నిలబడింది.

"ఇంకోదాన్ని తెచ్చుకోరాదా బిడ్డా, ఇల్లు బోసిగ ఉంటది."

"ఇప్పుడు కాదండి. మా ఆయనా తెచ్చుకుందామనే అంటున్నారు. నా వల్ల కాదు."

గేటు తీసి ఆమెను పంపిన రాములు వెనక్కి వచ్చి, "ఎవలే ఆ పిల్ల?" అని అడిగాడు. చెప్పింది. ఆయన జనరేటరు రేకుకూ కంకికీ మధ్య అడ్డంగా ఒక పాత ప్లైవుడ్ చెక్క తెచ్చి పెట్టాడు. చప్పుడు కొంతైనా తగ్గుతుందని.

మందు పూర్తయ్యాక కంకిని మళ్ళీ చందానగర్ తీసుకెళ్ళారు. ఈసారి రాములూ వచ్చాడు. ప్లేట్‌లెట్లు పెరిగాయి, దాదాపు మామూలు స్థాయికి వచ్చాయి. కానీ ప్లాస్టిక్ బిళ్ళ మీద రెండో గీత మళ్ళీ పడింది. సత్తెమ్మ మొహం చూసి జ్యోత్స్న, "అది చాలాకాలం అలాగే పడొచ్చమ్మా. ఒకసారి జబ్బు సోకిందన్న గుర్తు అది, జబ్బు ఇంకా ఉందనే కాదు. పూర్తిగా పోయిందా అంటే నేను ఖాయంగా చెప్పలేను. మూడు నెలలకోసారి రక్తం చూస్తూ ఉందాం" అంది.

"చూద్దాం మేడం" అంది సత్తెమ్మ.

సుబ్రహ్మణ్యం గారు మాట తప్పలేదు, గొలుసు విప్పించారు. రెండో అంతస్తువాళ్ళు మాత్రం కుక్కపిల్లను ఇప్పుడు వేరే గేటు నుంచి తిప్పుతున్నారు. అది దూరం నుంచి కంకిని చూసి తోక ఊపుతుంది, వాళ్ళు తాడు లాగుతారు. మీటింగులో ఊరికి పంపేయమన్నాయన ఎదురైతే రాములు నమస్కారం పెడతాడు, ఆయన ఫోను చూసుకుంటూ పోతాడు.

సత్తెమ్మకు కొత్త అలవాటు ఒకటి వచ్చింది. పొద్దున పనికి బయల్దేరే ముందు కంకిని వెలుతురులోకి పిలిచి పెదవి ఎత్తి చూస్తుంది. చిగుళ్ళు ఎర్రగా ఉంటే బస్సెక్కుతుంది. ఒక్కోరోజు అవి కొంచెం పాలిపోయినట్టు కనిపిస్తాయి. నిజంగానే పాలిపోయాయో, తన కళ్ళే అలా చూస్తున్నాయో తేల్చుకోలేక రాములును పిలుస్తుంది. ఆయనా వంగి చూస్తాడు.

"ఎర్రగనే ఉన్నయ్ పో" అంటాడు.

ఆమె వెళ్తుంది. మధ్యాహ్నం టవరులో అద్దాలు తుడుస్తూ మళ్ళీ ఫోను చేసి, అన్నం తిన్నడా అని అడుగుతుంది.